ఇంటికో తీరు సకినం

ఆ రోజుల్లో నాకు ఒక గట్టి నమ్మకం ఉండేది. కంప్యూటర్ తెలిసినవాళ్లు చెప్పడానికీ, తెలియనివాళ్లు వినడానికీ పుట్టారని. ఆ రోజులంటే మరీ తాతల కాలమేమీ కాదు, అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చిన తర్వాతి మాటే. కరీంనగర్‌లో డిగ్రీ పూర్తిచేసి, ఉద్యోగం రాక, వచ్చిన సంబంధాలు నచ్చక, అవ్వ (మా దిక్కు అమ్మను అలాగే పిలుస్తారు) చేత రోజూ అక్షింతలు వేయించుకుంటూ కూర్చున్న నాకు, లక్సెట్టిపేట దగ్గరి పల్లెలో ఉండే మా మేనత్త నుంచి ఫోనొచ్చింది. "ఇంట్ల కూసోని ఏం జేస్తవ్ బిడ్డా? మా సంఘానికి జర సదువుకున్నోళ్లు గావాలె. మేనేజర్‌గ రా" అంది. మేనేజర్ అన్న మాట చెవిన పడ్డాక నేను రెండో మాట అడగలేదు. జీతం సంగతి అడగాల్సిందని అక్కడికి వెళ్లాక తెలిసింది. దక్కిన గౌరవం మాత్రం తక్కువది కాదు. అందరూ చాపల మీద కూర్చుంటే నాకొక్కదానికే ప్లాస్టిక్ కుర్చీ వేశారు. (ఒక కాలు వంకర. కదలకుండా కూర్చుంటే ఏమీ కాదు.)

సంఘం అంటే సకినాల సంఘం. సకినం ఎరగనివాళ్ల కోసం చెబుతున్నాను, నానబెట్టిన బియ్యాన్ని తడిగానే పిండి పట్టించి, వాము, నువ్వులు కలిపి, బట్ట మీద వేళ్లతో గుండ్రంగా చుట్లు చుట్టి, కాస్త ఆరాక నూనెలో వేయిస్తారు. మా దిక్కు నుంచి దుబాయికో మస్కట్‌కో పోయే ఎవరి సంచీ విప్పినా బట్టలకంటే ముందు ఇవే కనబడతాయి. అందులో సగం ఊళ్లోవాళ్లు తమవాళ్లకిమ్మని అప్పజెప్పినవే. అలాంటి సంచీ ఒకటి సర్దుతున్నప్పుడే మా అత్త బుర్రలో సంఘం పుట్టింది. "తినెటోళ్లు గింతమంది ఉన్నరు, చేసెటోళ్లం మనం ఉన్నం, అమ్ముకుంటె తప్పేంది?" అని ఇరుగుపొరుగు ఆడవాళ్లను కూడగట్టి, తలా ఇంత వాటా వేయించి సహకార సంఘం పెట్టింది. లాభమొస్తే అందరిదీ, నష్టమొస్తే అందరిదీ. నేను చేరేనాటికి ఆ రెండోదాన్నే అందరూ సమానంగా పంచుకుంటున్నారు.

మా మామ మస్కట్‌లో ఉండేవాడు. పెళ్లయిన కొత్తలో పోయినవాడు, ఎప్పుడో ఒకసారి చుట్టంలా వచ్చి, అలవాటయ్యేలోపు వెళ్లిపోయేవాడు. ఒకరోజు పిండి కలుపుతూ అత్త నాతో అంది. "కరీంనగర్ సేటు మన సరుకు పెట్టుకుంటె సంఘం నిలబడ్తది. సంఘం నిలబడ్తె మీ మామను వచ్చెయ్యుమంట. లేకుంటె మళ్ల వీసా పెంచుకుంటడు. గంతే." ఆ "గంతే" దగ్గర పిండిలో చెయ్యి ఆగింది. ఆ ఆర్డర్ తెచ్చి అత్త చేతిలో పెట్టకపోతే నా డిగ్రీ ఎందుకు, నా కుర్చీ ఎందుకు అనుకున్నాను.

సేటుకు కరీంనగర్‌లో పిండివంటల దుకాణం ఉంది. మేము సకినాలు చేసే కేంద్రానికి వచ్చి, శుభ్రం చూసి, రుచి చూసి, అప్పుడు చెబుతానన్నాడు. సరే, వచ్చిన మనిషికి అన్నం ఎవరింట్లో? బుద్ధున్నవాళ్లెవరైనా అధ్యక్షురాలింట్లో, అంటే మా అత్త ఇంట్లో, అనేవాళ్లు. నేను అప్పుడే సహకార సంఘాల శిక్షణకు వెళ్లొచ్చి ఉన్నాను. అందరూ సమానం, మనిషికో ఓటు, ఏది తేల్చినా సభలోనే తేల్చాలి. సభ పిలిచి ఓటు పెట్టాను. సంఘంలో ఎన్ని ఇళ్లున్నాయో అన్ని ఇళ్లకూ ఒక్కో ఓటు వచ్చింది. మా ఊళ్లో కోడళ్లను పుట్టింటి ఊరి పేరుతోనే పిలుస్తారు. బెల్లంపల్లి అక్క లేచి, "సేటు వాళ్లింట్ల తిని నా ఇంటి మొకం సూడకపోతె నా ఇజ్జత్ ఏం గావాలె?" అంది. వేములవాడ వదిన నా వైపు తిరిగి, "అందరు సమానం అంటివి గద మేనేజరమ్మా, గిదేం సమానం?" అంది. నేను కాసేపు ఆలోచించి (అదే పొరపాటు), "అన్నం వద్దు. అందరిండ్లకు తీస్కపోదాం. ఇంటికో చాయ్, ఒక్క సకినం" అన్నాను. చప్పట్లు కొట్టారు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఒక్క సకినం అని సభలో ఒప్పుకున్నవాళ్లు ఇంటికెళ్లాక మాట మార్చారు. పళ్లెంలో ఒంటిది పెట్టకూడదట. రెండు పెట్టారు. ఉత్తవి ఎలా తింటారని పక్కన పెరుగు పోశారు. పెరుగు ఉన్నప్పుడు గారె లేకపోతే ఎలా అని గారె వచ్చింది. సేటు మంచి మనిషి, కాస్త భారీ మనిషి, మొదటి ఇంట్లో నవ్వుతూ తిన్నాడు. మూడో ఇంటికల్లా బెల్టు వదులు చేశాడు. "నాకు షుగర్ ఉన్నదమ్మా, చాయ్ వద్దు" అంటే, "చక్కెర ఎయ్యలే సేటూ, పాలే జర ఎక్కువ పోసిన" అని గ్లాసు చేతిలో పెట్టేశారు. వేములవాడ వదిన గడపలోనే నిలదీసింది. "బెల్లంపల్లామె ఇంట్ల మూడు తిన్నరంట. నా దగ్గర రెండు తిని లేస్తె ఊకుంటనా?" వద్దన్న కొద్దీ వడ్డిస్తారని అర్థమై ఆయన వద్దనడమే మానేశాడు. నేను పక్కనే నడుస్తూ సంఘం ఆశయాలు వివరిస్తున్నాను. ఆయన విన్నాడని అనుకోను.

చివరికి కేంద్రానికి చేరాం. వాకిట్లో ముగ్గు, కడిగిన గచ్చు, ఆడవాళ్ల తలలకు నేను కొనిపెట్టిన టోపీలు. మధ్యలో తట్ట నిండా అప్పుడే వేయించిన సకినాలు. ఆయన ఇంత దూరం వచ్చింది వాటి కోసం. ఆ తట్టను చూసిన సేటు ముఖం సూది మందు చూసిన పసివాడి ముఖంలా అయిపోయింది. "ఇగ నాతోని కాదమ్మా" అని బియ్యం బస్తాలకు ఆనుకుని కూర్చున్నాడు. కాసేపటికి గురక వినబడింది. "నీ ఇంట్ల మూడెందుకు వెట్టినవ్?" అని బెల్లంపల్లి అక్క మీద గుసగుసగా తగాదా మొదలైంది. లేచాక ఆయన ఎవరి ముఖమూ చూడకుండా, "ఫోన్ చేస్త" అని కారెక్కాడు. కారు వెనక సీటు నిండా ఇంటింటా పేరు రాసి కట్టిచ్చిన సకినాల సంచులు ఉన్నాయి. తట్టలోంచి మాత్రం ఒక్కటీ కదల్లేదు.

ఫోన్ రాలేదు. అత్త మర్నాడు కూడా నా కుర్చీ తుడిచి వేసింది. తిట్టినా బాగుండేదనిపించింది. మామతో ఫోన్లో, "వీసా సంగతి ఎందుకైన మంచిది, అడిగి పెట్టు" అంటుంటే విని, పిండి గదిలోకి వెళ్లి ఏడ్చాను. ఏడ్చాక మళ్లీ మేనేజర్ బుద్ధి లేచింది. ఇంటికో తీరు సకినం పెడితే ఏ సేటు కొంటాడు? ఒకరిది మూడు చుట్లు, ఒకరిది ఐదు, ఒకరికి వాము ముఖ్యం, ఒకరికి నువ్వులు. ఇకమీదట సంఘానికి ఒకటే సకినం అన్నాను. "మా అవ్వగారింటి సకినం ఇడిసిపెట్టుమంటవా?" అని పుట్టింటి రుచి వదలలేక కయ్యానికొచ్చారు. నా ఏడుపు ఎవరో చూసినట్టున్నారు, జాలిపడి ఒప్పుకున్నారు. వేళ్లు మాట వినకపోయినా పట్టుబట్టి నేర్చుకున్నారు. చివరికి అన్నీ ఒక్కలాగే వచ్చాయి, తిన్నవాళ్లకు ఏ ఊరివో తెలియకుండా. సరిగ్గా ఆ పొద్దే సేటు ఫోన్ చేశాడు.

"మేనేజరమ్మా, నా సంసారంల అగ్గి వెట్టినవ్ గదనే!" అన్నాడు. వాళ్ల అమ్మ వేములవాడ వదిన సంచీ పట్టుకుని, మా అవ్వ ఇట్లనే పోసేది, సకినమంటే ఇదీ అందట. భార్య బెల్లంపల్లి దిక్కు మనిషి. అది సకినమే కాదు, ఇదీ అని ఇంకో సంచీ పట్టుకుందట. ఇద్దరికీ మాటల్లేవు. "పక్కిండ్లోళ్లు, వాడకట్టోళ్లు సుత వచ్చి ఎవ్వలయి వాళ్లు ఏరుకపోయిండ్రు. అన్ని తీర్లయి పంపుండ్రి. ఏ ఊరియి ఆ ఊరియి, వేరువేరు డబ్బలల్ల. కలపకుండ్రి తల్లీ, నీకు దండం వెడ్త!"

కొనేవాళ్లకు కూడా ఒక అవ్వగారిల్లు ఉంటుందని నాకు శిక్షణలో ఎవరూ చెప్పలేదు. సంగతి వివరించగానే అందరూ టోపీల కిందనుంచి నన్నే చూశారు. వేములవాడ వదిన అడిగింది. "కష్టపడి నేర్చుకున్నది ఇగ మర్సిపోవాల్నా మేనేజరమ్మా?" అత్త పడీ పడీ నవ్వింది. ఆ తర్వాత ఒక పొయ్యి పక్కన ఇంకో పొయ్యి వెలిగింది. పక్క ఊళ్ల ఆడవాళ్లు వాటాలు వేసి చేరారు. పొలం పని లేని రోజుల్లో కూడా చేతికి పని దొరికింది. చేరడానికి వచ్చినవాళ్లను మేము మొదట అడిగేది చదువు కాదు, "మీ అవ్వగారిది ఏ ఊరు?" అని.

మామ వచ్చేశాడు. వచ్చి కొన్నాళ్లు నులకమంచం మీద కూర్చుని చూశాడు, తోచలేదు, నన్నూ సంఘంలో చేర్చుకోండి అన్నాడు. ఆడవాళ్ల సంఘం, మగవాళ్లకు సభ్యత్వం లేదు. పనికి పెట్టుకోవచ్చు, డబ్బాలు కట్టి కరీంనగర్ చేరవేసే పని. మళ్లీ సభ, మళ్లీ నేను, మళ్లీ ఓటు. దేనికీ కలిసిరాని ఆ సభలో మొదటిసారి అందరి చేతులూ లేచాయి. అత్త చెయ్యి తప్ప. నేను నియమం ప్రకారం, "అత్తా, నీ ఓటు రాలే" అన్నాను. ఆమె కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని, "నువ్వు రాస్కో పో" అంది. కోపం వచ్చిందేమో అనుకున్నాను. నీటైన అక్షరాలతో మినిట్స్ పుస్తకంలో ఇలా రాశాను: "అధ్యక్షురాలు తటస్థంగా ఉన్నారు."

ఇప్పుడు నేనూ సంసారంలో పడ్డాను, ఊరు మారాను. మా ఆయన పనిమీద వారం పాటు ఎటైనా పోయి, రాత్రి బస్సు దిగి పొద్దున్నే గేటు చప్పుడు చేసినప్పుడల్లా, కుర్చీలో నిటారుగా కూర్చుని ఆ వాక్యం రాసుకున్న పిల్ల గుర్తొస్తుంది. తటస్థమట! నవ్వుకుంటూ, కొంగుతో కళ్లు తుడుచుకుని వెళ్లి గేటు తీస్తాను.