నీళ్ళు ఉప్పు తిన్న వీధి

మా మేనత్త ముప్పై ఏళ్ళు ఉప్పు కార్ఖానాలో పనిచేసింది. ఆ ఊరి నేల కింద ఉప్పురాతి పొర ఉంది. అందులోకి మంచినీళ్ళు పంపిస్తారు. ఆ నీళ్ళు రాతిని కరిగించుకుని ఉప్పగా పైకి వస్తాయి. వాటిని ఇనప పళ్ళాల్లో కాస్తే ఉప్పు మిగులుతుంది. పైకొచ్చిన నీళ్ళలో తగినంత ఉప్పుందో లేదో చూడటం అత్త పని. లేకపోతే కాల్చిన కట్టెలన్నీ దండగ.

ఆమె దగ్గర గాజు కొలతగొట్టం ఉండేది. కానీ దానికంటే కోడిగుడ్డునే ఎక్కువగా నమ్మేది. గుడ్డు నెత్తి బయటపెట్టి తేలితే నీళ్ళు నిండినట్టు. మునిగితే మళ్ళీ లోపలికి పంపాల్సిందే.

"నీళ్ళకీ కడుపుంటుందిరా," అనేది నాతో. "నిండేదాకా తింటాయి. నిండాక పిడికెడు వేసినా అడుక్కి పోతుంది. అలాగని ఊరుకున్నాయనుకోకు. ఇక్కడో రేణువు కరుగుతుంటే అక్కడో రేణువు గడ్డకడుతూనే ఉంటుంది. ఇచ్చేదీ పుచ్చుకునేదీ సరిసమానం. కొత్తనీళ్ళు పోశావా, లెక్క మళ్ళీ మొదటికొస్తుంది."

మావయ్య తాపీమేస్త్రి. మాటకారి. నలుగురిలో నవ్వించేవాడు, ఇంట్లో ఆమె మాట జవదాటేవాడు కాదు. వాళ్ళకి పిల్లల్లేరు. పల్లంగా ఉన్న వీధిలో చివరిల్లు వాళ్ళది. వానాకాలం వస్తే వీధంతా మోకాటిలోతు నీళ్ళు. మంచాల కింద ఇటుకలు పెట్టుకుని, పొయ్యి బల్లమీదకెక్కించి కాలం గడిపేవాళ్ళు.

వీధి చివర కార్ఖానావాళ్ళు ఉప్పునీళ్ళు తోడుకుని ఎప్పుడో వదిలేసిన పాతబావి ఉంది. దానిమీద రాతిపలక కప్పి ఉండేది. ఒక ఏడాది వానలు మొదలయ్యేముందు మావయ్య ఆ పలక జరిపించి, వీధి మొదలు నుంచి బావిదాకా కాలవ కట్టాడు. అత్త అప్పుడు వాళ్ళక్క జబ్బుచేసి పడుంటే సాయానికి పొరుగూరెళ్ళింది. నడివానల్లో తిరిగొచ్చేసరికి వీధి పొడిగా ఉంది. జనం మావయ్యని చూస్తే లేచి నిలబడుతున్నారు. మూలమీది లాండ్రీ ఆయన తన వేడినీళ్ళు కూడా ఆ కాలవలోకే వదిలాడు.

అత్త సంచీ కింద పెట్టకుండానే అడిగింది. "ఈ నీళ్ళన్నీ ఎక్కడికి పోతున్నాయండీ?"

"బావిలోకి. ఎంత పోసినా నిండదు. అడుగున ఏ గంగకో దారుంది."

"నిండనిదాన్ని చూస్తే భయం వెయ్యలేదూ మీకు?"

"వచ్చావా! ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి." నవ్వి, ఆమె చేతిలోని సంచీ అందుకున్నాడు. "పెళ్ళైనప్పట్నుంచీ ఇల్లు తడవని వానాకాలం ఇదొక్కటే. మెచ్చుకోవే ఒకసారి."

ఆమె మెచ్చుకోలేదు. మళ్ళీ అడగనూ లేదు. ఆయన ముఖంలో ఆ వెలుగు చూసి చాలాకాలమైంది మరి.

చలికాలంలో వాళ్ళ వంటింటి గోడ బీట వారింది. మావయ్య పూడ్చాడు. మళ్ళీ అక్కడే విచ్చుకుంది. ఇసుకలో మట్టి కలిసిందని తిట్టుకుని మళ్ళీ పూడ్చాడు. ఈసారి బీట గడపదాకా దిగింది. గాలి లేని మధ్యాహ్నాల్లో నేల కింద ఎక్కడో గులకరాయి నీళ్ళలో పడ్డట్టు చప్పుడయ్యేది. ఇద్దరూ వినేవాళ్ళు. ఇద్దరూ విననట్టే అన్నం తినేవాళ్ళు.

ఒకరోజు అత్త సీసాకి రాయి కట్టింది. బిరడాకి వేరే తాడు కట్టి, మావయ్యని బావి దగ్గరికి తీసుకెళ్ళింది. సీసాని పైనీళ్ళలో బారెడు లోతుకి దింపి, బిరడా లాగి, నిండాక పైకి తీసింది. ఆ నీళ్ళు గిన్నెలో పోసి కోడిగుడ్డు వేసింది. గుడ్డు గిన్నె అడుగుకి తగిలి టక్కుమంది.

"కార్ఖానావాళ్ళు వదిలేసేనాటికి ఈ నీళ్ళు కడుపునిండా తినున్నాయి," అంది. "అందుకే ఇన్నేళ్ళూ కదలకుండా పడున్నాయి. మీరు కొత్తవాటిని పంపారు. వాననీళ్ళు తేలిక కదండీ, అడుక్కి దిగవు. పైనే ఉండి పక్కల్ని తింటాయి. అంటే మన ఇళ్ళ కిందే. లాండ్రీ నీళ్ళున్నాయే, వేడివి. అవి ఎక్కువేమీ తినవు గానీ తొందరగా తింటాయి."

మావయ్య గిన్నెలోకే చూస్తున్నాడు. "ఉప్పు తిన్నవాడు నీళ్ళు తాగాలంటారు," అని నవ్వబోయాడు.

"ఇక్కడ నీళ్ళే ఉప్పు తింటున్నాయి."

ఆయన గుడ్డు తీసి ఆమె చేతికిచ్చి, "కాలవ మూసేస్తాను," అన్నాడు.

"మూస్తే కొత్తవి రావు. లోపలున్నవాటి ఆకలి?"

అదీ ఆమే ఆలోచించింది. కార్ఖానా మేనేజరుని అడిగితే నేలమీద ఊడ్చిన మట్టి ఉప్పు తీసుకుపొమ్మన్నాడు. మొగుడూ పెళ్ళాం బండిమీద బస్తాలు తెచ్చి బావిలో కుమ్మరించారు. రాతిని తినబోయే నీళ్ళకి ముందే అన్నం పెట్టడం అన్నమాట. మావయ్య కాలవకి అడ్డంగా ఇటుకగోడ కట్టాడు. నెలా రెండు నెలల్లో సీసాలో వచ్చిన నీళ్ళమీద గుడ్డు ఊగిసలాడటం మొదలుపెట్టింది. పూర్తిగా తేలలేదు, పూర్తిగా మునగలేదు. అత్త ఆ పూట కడుపునిండా తింది.

వానలు మొదలయ్యాయి. వీధిలోకి నీళ్ళొచ్చాయి. లేచి నిలబడిన జనమే ఇప్పుడు మావయ్య ముందు తలుపులు వేసుకున్నారు. లాండ్రీ ఆయన ఇంటికొచ్చి అరిచాడు.

"పెళ్ళాం చెప్పిందని వీధిని ముంచుతావా మేస్త్రీ? భూమి ఎక్కడైనా కరుగుతుందా?"

"కరుగుతోంది అన్నయ్యా," అంది అత్త. "మా వంటింట్లోకి రండి, చూపిస్తాను."

ఆయన లోపలికి రాలేదు. పెద్దవాన పట్టిన రోజు పలుగు తీసుకెళ్ళి ఆ ఇటుకగోడ పగలగొట్టాడు. వీధిలో నీళ్ళన్నీ ఒక్కసారిగా బావి దారి పట్టాయి. ఎవరూ అడ్డం చెప్పలేదు. కొందరు చప్పట్లు కొట్టారు కూడా.

అత్త అప్పుడు కార్ఖానాలో పళ్ళాల దగ్గరుంది. వాన వెలిశాక మావయ్య తాపీ, తట్ట తీసుకుని కాలవ మళ్ళీ మూయడానికి వెళ్ళాడు. లాండ్రీ ఆయన గుమ్మంలోంచి చూస్తూనే ఉన్నాడు. చప్పుడేమీ కాలేదని తరవాత చెప్పాడు. మేస్త్రి వంగి ఇటుక పెడుతున్నాడు. బావి చుట్టూ నేల, చేత్తో నొక్కిన పిండిలా, మెల్లిగా లోపలికి దిగింది. మేస్త్రి తలెత్తి ఏదో అనబోయాడు. అంతే.

కబురు విని అత్త పరుగున వచ్చింది. బావి ఉన్నచోట ఇల్లంత గుంట, దాన్నిండా బురదనీళ్ళు. లాండ్రీ ఆయన నడుముకి తాడు కట్టుకుని అందులోకి దిగి వెతుకుతున్నాడు. రెండుసార్లు పైకి లాగారు. రెండుసార్లూ మళ్ళీ దిగాడు. మూడోసారి జనం దిగనివ్వలేదు. అత్త అంచుకి కాస్త దూరంలో నిలబడి చూస్తూ ఉంది. పొద్దువాలేదాకా ఏమీ పైకి రాలేదు.

ఆడవాళ్ళు ఆమె భుజాలు పట్టుకున్నారు. ఏడ్చేసెయ్యమన్నారు. ఆమె ఏడవలేదు. గుంటలోంచి కళ్ళు తిప్పకుండా అంది:

"ఆయన తేలలేదు. నిండిన నీళ్ళలో మనిషి మునగడు. ఇంకా ఆకలిమీదున్నాయి. అందరూ ఇళ్ళు ఖాళీ చెయ్యండి. పిల్లల్ని తీసుకుని ఇప్పుడే పొండి."

ఆ గొంతు విన్నాక జనం మూటలు కట్టుకున్నారు. చీకటిపడేలోగా వీధి ఖాళీ అయింది. ఆ వారంలోనే అత్త ఇల్లు దిగిపోయింది. తరవాత ఎదుటిల్లు, ఆ తరవాత లాండ్రీ. మనుషులెవరూ పోలేదు. మావయ్య మాత్రం దొరకలేదు.

కర్మ చేయడానికి ఏమీ మిగలలేదని అందరూ బాధపడుతుంటే, అత్త కార్ఖానా పక్కనే గది తీసుకుని పనికి వెళ్ళిపోయింది. రాతిగుండె అన్నారు కొందరు. లాండ్రీ ఆయన ఒకసారి ఆ గది దాకా వచ్చి గుమ్మంలో తలవంచుకుని నిలబడ్డాడట. అత్త మంచినీళ్ళిచ్చింది. ఆయన తాగి, గ్లాసు కింద పెట్టి వెళ్ళాడు.

నేను ఆమెని చూడటానికి వెళ్ళినప్పుడు అడిగాను, ఆ గుంట ఇప్పుడైనా నిండిందా అని.

"పై నీళ్ళు ఇంకా చప్పగానే ఉన్నాయిరా," అంది కూర తరుగుతూ. "పక్కవీధిలో నిన్న ఒక అరుగు ఒరిగిందట. రేపు సెలవు పెట్టాను, వెళ్ళి చెప్పిరావాలి. వింటారో లేదో."