రెండు గదుల లెక్క

ఆదివారం. రెండు రోజులుగా ముసురు పట్టింది. పీకిన వేరుశెనక్కాయలు తడవకుండా వసారాలోకి మోసుకుంటున్నాం. ఆత్మకూరు నుంచి వచ్చిన మా బావమరిది తనూ ఒక తట్ట ఎత్తుకుంటూ, "మీ లెక్కల అయ్యవారు మొన్న పోయినాడంట బావా" అన్నాడు. నేను తట్ట లోపలికి తీసుకుపోయాను.

కొన్నేళ్ల కిందట ఉదయగిరి వైపు ఒక హైస్కూల్లో ఆయనా నేనూ కలిసి పనిచేశాం. నాకంటే చాలా పెద్దవారు. సుద్దముక్క గోరంత అయ్యేదాకా పారేసేవారు కాదు. లెక్క తప్పిన పిల్లల్ని కొట్టేవారు కాదు. "యాడ దోవ తప్పినావో చూద్దాం పా" అని మొదటి నుంచి మళ్లీ చేయించేవారు.

ఒక ఏడాది జూన్‌లో ఫస్టు ఫారంలో, అంటే ఆరో తరగతిలో, కొత్తగా చేరినవాళ్లని రెండు సెక్షన్లుగా రాసే పని హెడ్మాస్టరు నాకిచ్చారు. మా పెదనాన్న ఊళ్లో పెద్ద రైతు. ఆయన మనవడూ ఆ ఏడే చేరాడు. ముందురోజే ఇంటికొచ్చి, "చెరువుకట్ట పిల్లకాయల పక్కన మనోణ్ణి కూచోబెట్టబాకరా" అన్నాడు. రైతుల పిల్లల్ని ఎ సెక్షన్లో, చెరువుకట్ట మీద గుడిసెలేసుకుని కూలికీ చేపలకీ పోయేవాళ్ల పిల్లల్ని బి సెక్షన్లో రాశాను.

అయ్యవారు నెల తిరక్కుండానే కనిపెట్టారు. ఎవరి కులమూ, ఆస్తీ అడగలేదు. రెండు గదుల్లోనూ ఒకటే ప్రశ్న వేశారు: "మీ ఇల్లు కురిస్తే ఎవురెక్కి బాగుచేస్తారు?" ఎ సెక్షన్లో చాలామంది "మనుషుల్ని పిలిపిస్తాం" అన్నారు. బి సెక్షన్లో అందరూ "మా నాయన" అన్నారు. ఒక పిల్ల మాత్రం "మాయమ్మ" అంది.

తెలుగు పండితుడు నవ్వాడు. "ఏందయ్యా, లెక్కలు చెప్పమంటే ఇళ్లు కప్పే కాంట్రాక్టు పట్టినావా?"

"కప్పేదానికి కాదు సామీ, కొలిచేదానికి" అని అయ్యవారు నాకొక కాగితం చూపించారు. "నాలుగు బల్లలోళ్లు ఇట్నించి అటు, నాలుగు బల్లలోళ్లు అట్నించి ఇటు మారితే రెండు గదులూ ఒకటే మాదిరి అయితాయి. అంతే దూరం. మార్చు నాయనా."

నేను మార్చలేదు.

తనిఖీ రోజు ఆయన ఆ కాగితం ఇన్‌స్పెక్టరు ముందు పెట్టారు. దేన్నిబట్టి విడగొట్టావని ఇన్‌స్పెక్టరు నన్నడిగారు. "మార్కుల్ని బట్టి సార్" అన్నాను. ఇన్‌స్పెక్టరు కాగితం మడిచి అయ్యవారికే ఇచ్చేశారు.

వరండాలో అయ్యవారు నన్ను కోప్పడలేదు. "సెక్షన్లు జూన్‌లో రాసినావు. మార్కులు సెప్టెంబర్లో గదా వచ్చినాయి" అన్నారు.  రిటైరయ్యాక ఆయన ఆత్మకూరులో ఉండిపోయారు; నేను అక్కడికి పోయిన ప్రతిసారీ ఆయన వీధి తప్పించి నడిచాను. ఇక ఆ అవసరం లేదు.

ఆ అక్టోబర్లో ఆయనకి బదిలీ వచ్చింది. సోమవారం పొద్దున మొదటి బస్సుకి వెళ్లిపోయారు. పెద్ద పరీక్షల లోపల బి సెక్షన్లో ఏడుగురు బడి మానేశారు. ఎ సెక్షన్ నుంచి ఆ ఏడాది ఎవరూ పోలేదు.