లేని నాలుగో గీత

1969 మే నెల. మొయినాబాద్ దాటి చేవెళ్ల వైపు రెండు మైళ్లు పోతే, రోడ్డుకు ఎడమవైపు ఒక రాతిగుట్ట ఉండేది. ఆ గుట్టను తొలిచి కట్టిన రెండు గదులే మా స్టేషన్. నేను అందులో టెక్నికల్ అసిస్టెంటును. వయసు ఇరవై మూడు. డిప్లొమా కాకినాడలో చదివాను. ప్రత్యేక తెలంగాణ ఉద్యమం ఉధృతంగా సాగుతున్న ఆ రోజుల్లో నా యాస నాకంటే ముందు నడిచేది. మా వాచ్‌మన్ నర్సింలు హెచ్చరిస్తూ ఉండేవాడు: “సారూ, మీది ఏ ఊరని ఎవ్వలడిగినా చెప్పకుండ్రి. అసలు నోరే తెరవకుండ్రి.”

మా పని భూమి అదుర్లను నమోదు చేయడం. దానికి వాడే యంత్రం సీస్మోగ్రాఫ్. అందులో ముఖ్యమైనవి మూడు: స్ప్రింగుకు వేలాడే ఒక బరువు, దాని కదలికను వేల రెట్లు పెంచి చూపే ఒక ముల్లు, ముల్లు కింద మెల్లగా తిరిగే డ్రమ్. డ్రమ్ముకు చుట్టే కాగితానికి ముందుగా కిరోసిన్ దీపం పొగ పట్టించాలి. ఆ మసి మీద ముల్లు తెల్లని గీత గీస్తుంది. మర్నాడు పొద్దున కాగితం విప్పి, మసి చెరగకుండా లక్క కలిపిన స్పిరిటులో ముంచి ఆరబెట్టాలి. చదువుకున్న మనిషి రోజూ తెల్ల కాగితాన్ని నల్లగా చేస్తుంటే చూడటానికి చుట్టుపక్కల వాళ్లు వచ్చేవారు.

భూకంపాలతో పాటు మేము కనిపెట్టి ఉండవలసినది ఇంకొకటి ఉంది. ఏ దేశమైనా భూమి లోపల రహస్యంగా అణుబాంబు పేల్చి చూస్తే, ఆ అదురు ఖండాలు దాటి వస్తుంది. దేశాలు తమ రికార్డులను ఇచ్చిపుచ్చుకుంటే ఎవరూ దాచలేరని ఆశ. అంతకు ముందు ఏడాదే, అణ్వస్త్రాలు కొత్త దేశాలకు పాకకుండా ఒక ఒప్పందం సంతకాలకు వచ్చింది. మన దేశం సంతకం పెట్టలేదు. సంతకం పెట్టని దేశంలో కూర్చుని నేను ఎవరి తరఫున కాపలా కాస్తున్నానో నాకు అర్థమయ్యేది కాదు. నర్సింలుకు వివరించబోతే ఇంకా చిక్కుపడింది.

“అంటె బాంబులున్నోళ్లు ఉంచుకోవచ్చు, లేనోళ్లు చేసుకోవద్దు. అంతేనా సారూ?”

“ఉన్నవాళ్లు తగ్గించుకునే మాట మాట్లాడుకుంటామన్నారు.”

“ఎప్పటిదాంక?”

“తేదీ రాయలేదు.”

“మరి గదేం ఇన్సాఫ్?”

అతను అడిగింది న్యాయం సంగతి. లేచి వెళ్లి డ్రమ్ము చూసుకున్నాను.

ఆ నెలలో బస్సులు సరిగా నడవలేదు. నగరంలోని మా పెద్దాఫీసుకు పంపవలసిన రికార్డులు రేకుపెట్టెలోనే పేరుకున్నాయి. ఒక గురువారం పొద్దున కాగితం విప్పితే, ముందురోజు మధ్యాహ్నం మూడు గంటల పన్నెండు నిమిషాల దగ్గర పదునైన పొట్టి గీతలు ఆరు కనిపించాయి. మొదటి మూడింటి మధ్య ఎడం ఎనిమిదేసి మిల్లీమీటర్లు. తర్వాత పదహారు మిల్లీమీటర్ల ఖాళీ. ఆపైన మళ్లీ మూడు, ఎనిమిదేసి ఎడంతో. మా డ్రమ్ మీద మిల్లీమీటరు అంటే ఒక సెకను.

అలవాటు ప్రకారం జాబితా వేసుకున్నాను. ఒకటి, భూకంపం: కాదు, దానికి ఇంత క్రమం ఉండదు. రెండు, దూరదేశపు పరీక్ష: కాదు, అంత దూరం నుంచి వచ్చే అల సాగి, మెత్తబడి వస్తుంది. మూడు, లారీలు: ఆరోజు రోడ్డు మీద ఎడ్లబండి కూడా లేదు. నాలుగు, బావుల్లో రాయి పగలగొట్టే పేలుళ్లు. ఇవి వారానికి రెండుసార్లయినా పడేవి. మేము వీటిని రొద అంటాం, లెక్కలోంచి తీసేస్తాం. కానీ నేను అంతకు ముందు చూసిన వాటిలో మధ్యలో ఇలాంటి ఖాళీ లేదు. చాలాసేపు తికమకపడి, ముల్లు మసిలో ఇరుక్కుని ఒక గీత తప్పిపోయిందని తేల్చుకున్నాను. లాగ్ బుక్కులో “స్థానిక పేలుళ్లు. ముల్లు లోపం” అని రాసి సంతకం చేశాను.

శనివారం మధ్యాహ్నం నర్సింలు ఒకామెను వెంటబెట్టుకొచ్చాడు. పేరు మార్తమ్మ. మైలు నడిచి వచ్చింది, మంచినీళ్లు కూడా తాగకుండా మొదలుపెట్టింది.

“సారూ, మా ఆయన ఏసోబు. బాయిలల్ల తోటాలు పేలుస్తడు. బుధారం సాయంత్రం పోలీసోళ్లు పట్కపోయిండ్రు. గదే దినం మూడు గంటలప్పుడు చేవెళ్ల తొవ్వల మోరి పేల్చేసిండ్రట ఎవ్వలో. ఈయన సంచిల తోటాలు దొరికినయని ఈయనే అంటున్నరు.”

తోటాలు అంటే రాయి పగలగొట్టే మందు కట్టలు, మోరి అంటే రోడ్డు కింది కల్వర్టు. “దానికి నేనేం చేయగలనమ్మా?” అన్నాను.

“నర్సింలన్న చెప్పిండు. అమెరికాల బాంబు పేలినా మీ మిషిన్ల పడ్తదంటగద. మా ఆయన గప్పుడు మా ఊరి పటేల్ బాయిల ఏడు తూట్లు గాల్చిండు, గీ మైలు దూరంల. అది పడలేదా?”

“ఆరే పడ్డాయి.”

ఆమె గభాలున ముందుకు వచ్చింది. “ఏది పడలేదు సారూ? నాలుగోదా?”

నేను కాగితం తీసి, మూడో గీత తర్వాతి ఖాళీని మళ్లీ చూశాను.

“ఆయన గదే మొత్తుకుంటుండు. నాలుగోది పేలలే, బాయిల్నే ఉన్నది, ఎవ్వల్ని దిగనియ్యకుండ్రి అని. ఠాణల నవ్వుతుండ్రు, తప్పించుకోనీకె కథలు చెప్తుండని. పటేలేమో సోమారం పొద్దుగాల పదిమంది కూలోళ్లను దింపుతనంటుండు. రాళ్లెత్తేటప్పుడు గడ్డపార దానికి తగిలిందంటె?”

అప్పుడు ఆమె ఆ పని పద్ధతి చెప్పింది. బండలో తూట్లు వేసి మందు కూరుస్తారు. వత్తులన్నీ ఒకే పొడవు ఉండవు. ఒక్కొక్కటి ముందుదానికంటే బెత్తెడు, అంటే నాలుగు వేళ్ల వెడల్పు, ఎక్కువ కోస్తారు. అలా అయితే ఒకదాని తర్వాత ఒకటి పేలుతుంది, గట్టు మీద నిలబడి లెక్కపెట్టుకోవచ్చు. లెక్క తక్కువైతే బావిలోకి ఎవరూ దిగరు. బెత్తెడు వత్తి కాలడానికి ఏడెనిమిది సెకన్లు. నా కాగితం మీద ఎనిమిది మిల్లీమీటర్లు. నేను ముల్లు లోపం అని సంతకం చేసింది బావిలో పేలకుండా ఉన్న మందు గురించి.

మా రికార్డును బయటివాళ్లకు చూపించకూడదని నియమం. పెద్దాఫీసును అడుగుదామంటే టెలిఫోను పలకలేదు. కాగితాన్నీ లాగ్ బుక్కునూ గుడ్డలో చుట్టి, సైకిలెక్కి చేవెళ్ల ఠాణాకు వెళ్లాను. చేస్తున్నది ఒప్పో తప్పో దారి పొడవునా తేలలేదు.

ఎస్సై కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. “ఏందయ్యా ఇంజినీరూ, ఈ బొగ్గు కాయితం సాక్ష్యమా? ఆంధ్రాయన వచ్చి ఉద్యమపోన్ని ఇడిపిస్తడా? ఏం కథ?”

“ఆయన ఉద్యమంలో ఉన్నాడో లేడో నాకు తెలియదు.”

“సరే. మోరి పేలిన గీత ఏది?”

“లేదు.”

“అంటె మోరి పేలలేదా?”

“చెప్పలేను. నేల మీద పెట్టి పేలిస్తే అదురు భూమిలోకి సరిగా దిగదు. గడ్డపారలతో కూలగొట్టినా గీత పడదు.”

“పోనీ, ఈ ఆరు గాల్చింది ఏసోబేనా?”

“అది కూడా ఇందులో ఉండదు.”

“మరి ఏముంటదయ్యా నీ కాయితంల?”

“మూడు పేలాక ఒకటి పేలలేదని ఉంది.”

ఆయన లాగ్ బుక్కు తెరిచాడు. “నువ్వే రాసినవ్ గద, ముల్లు లోపమని?”

“తప్పు రాశాను. ఆ మాట కూడా రాసి ఇస్తాను.”

 ఎస్సై కాగితం కనబడకుండా సొరుగులో పెట్టి, ఏసోబును రప్పించాడు. నలభై ఏళ్ల మనిషి, పెదవి వాచి ఉంది. ఎన్ని పేలాయో మళ్లీ చెప్పమన్నాడు.

“ఏడు ముట్టిచ్చిన సారు.” ఏసోబు టేబులు మీద చేతిని ఆనించి, నాలుగు వేళ్లు కొలతగా జరుపుతూ పోయాడు. “ఒకటి. రెండు. మూడు. ఈడ సప్పుడు లేదు. ఐదు. ఆరు. ఏడు. నన్ను ఉంచుకుంటె ఉంచుకోండ్రి. పటేల్‌కు కబురన్న పంపుండ్రి.”

ఎస్సై సొరుగు తెరిచి, స్కేలు తీసి, గీతల మధ్య ఎడాలు తానే కొలిచాడు. రెండుసార్లు కొలిచాడు. “రేపు పొద్దుగాల జవాన్లతోని పోయి తీస్తవా?”

“తీసుడు గాదు సారు, పట్టి గుంజితె పేల్తది. పక్కన ఇంకో తూటు గొట్టి గాల్చాలె. నా సంచిలకెల్లి ఒక్క తోటా ఇయ్యుండ్రి.”

ఆదివారం నేను డ్రమ్ము ముందు నుంచి కదల్లేదు. పదకొండు గంటల నలభై నిమిషాలకు ముల్లు ఒక్కసారి ఎగిరింది, బుధవారం వాటికంటే పెద్దగా. లాగ్ బుక్కులో సమయం వేసి, ఎదురుగా “నాలుగోది” అని రాశాను.

ఏసోబును వారం తర్వాత పూచీకత్తు మీద వదిలారు. కల్వర్టును ఎవరు కూల్చారో, మందుతోనో గడ్డపారలతోనో, నాకు ఈనాటికీ తెలియదు. ఆ కాగితాన్ని ఠాణాలోనే ఉంచుకున్నారు. అదే కాగితం మీద బుధవారం సాయంత్రం దూరం నుంచి వచ్చిన మెత్తని అల ఒకటి ఉంది. అది భూకంపమో, ఏ దేశపు పరీక్షో పోల్చుకునే తీరిక నాకు దొరకలేదు. రెండు నెలల తర్వాత ఒక విదేశీ స్టేషన్ ఆ రోజు రికార్డు కావాలని అడిగింది. పంపలేకపోయినందుకు నాకు మెమో వచ్చింది. ప్రపంచ లెక్కలో ఆ రోజు మా స్టేషన్ ఎదురుగా ఖాళీ ఉండి ఉంటుంది. దాన్ని చూసి ఎవరో ముల్లు లోపం అనుకొని ఉంటారు.

ఇది జరిగి మూడేళ్లయింది. అణ్వస్త్రాల ఒప్పందం అమలులోకి వచ్చింది, నా తికమక మాత్రం పూర్తిగా పోలేదు. పని అలవాటు ఒకటి మారింది. రికార్డులో ఖాళీ కనబడితే ముల్లును నిందించే ముందు సైకిలు తీసి, పేల్చినవాళ్లను వెతుక్కుంటూ పోతాను. ఎక్కడ ఏది పేలినా రాసుకోవడానికి మాలాంటి స్టేషన్లు చాలా దేశాల్లో ఉన్నాయి. పేలకుండా మిగిలినవి, తోటాలైనా బాంబులైనా, ఎన్నో, ఎక్కడున్నాయో మా ముల్లుకు తెలియదు. వాటిని కూర్చినవాడే చెప్పాలి. ఏసోబు వాచిన పెదవితో, నవ్వుతున్నవాళ్ల మధ్య, మూడు రోజులు అదొక్కటే చెప్పాడు.