సముద్రపు దొంగల మనవరాలు

సింగపూరులో మా తెలుగు సహవాసం ఆదివారం మధ్యాహ్నం మూడున్నరకు మొదలవుతుంది. హాలు ఇంగ్లీషు సంఘానిది. వాళ్ళ ఆరాధన ముగిశాక మాకిస్తారు. తువాస్ షిప్‌యార్డుల్లో పనిచేసే తమ్ముళ్ళు బస్సు దిగి వచ్చేసరికి రెండో పాట నడుస్తూ ఉంటుంది. పెద్దవాళ్ళం ప్రార్థనలో ఉంటే, వెనక గదిలో మా పిల్లలకు సండే స్కూలు చెప్పేది ఒక ఐర్లండు పెద్దావిడ. ఆమె ఇంగ్లీషు సంఘ సభ్యురాలు. భర్త పోయి చాలా ఏళ్ళయింది. మా పిల్లలు తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబిచ్చే రకం కాబట్టి, మేమే వెళ్ళి ఆమెను బతిమాలుకున్నాం. పిల్లలు ఆంటీ అన్నారు. మేమూ అదే అన్నాం.

ఆంటీ చెప్పే కథల్లో పిల్లలకు అన్నిటికంటే ఇష్టమైనది బైబిలు వాక్యంలో లేదు. వెయ్యేళ్ళకు పైమాట. ఆమె పుట్టిన తీరంలో ఒక మఠం ఉండేదట. అక్కడి సన్యాసులు తోలు పుటల మీద వాక్యాన్ని రాసుకునేవారట. ఉత్తరాది నుంచి వైకింగులనే సముద్రపు దొంగలు పొడుగాటి పడవల్లో వచ్చి మఠాన్ని తగలబెట్టారు. ఒక కుటుంబం మాత్రం ఆ పుస్తకాన్ని గొర్రె తోలులో చుట్టి కొండ మీదకు మోసుకుపోయి దాచింది. "ఆ కుటుంబం మాదే" అంటూ ఆంటీ కథ ముగించేది.

కిందటేడు ఆమె కూతురు పుట్టినరోజు కానుకగా ఒక పరీక్ష పెట్టె పంపింది. గొట్టంలో ఉమ్మి నింపి పంపితే మన పూర్వికులు ఏ దేశాల వాళ్ళో రాసి పంపుతారు. ఫలితం వచ్చిన వారం ఆంటీ రాలేదు. తర్వాతి వారమూ రాలేదు. నేను సైన్స్ పార్కులో జన్యు పరీక్షల ల్యాబులో పనిచేస్తానని ఆమెకు తెలుసు. మూడో వారం ఫోను చేసి, ఒక కాగితం చూసిపెట్టమంది.

వాళ్ళ ఫ్లాట్ల బ్లాకు కింద, తిండి అంగళ్ళుండే హాకర్ సెంటర్లో కలిశాం. ఆమె ముందున్న కాఫీ చల్లారిపోయి ఉంది. కాగితంలో చాలా భాగం ఐర్లండే. ఒక ముక్క మాత్రం నార్వే.

"ఇన్నేళ్ళూ పిల్లలకు అబద్ధం చెప్పాను" అంది ఆంటీ. "పుస్తకం దాచిన వాళ్ళం కాదు మేము. తగలబెట్టిన వాళ్ళం."

ఇక పిల్లలకు పాఠాలు చెప్పనని మా పాస్టరుగారికి ఉత్తరం కూడా రాసిపెట్టుకుంది. సంచి తెరిచి చూపించింది.

నేను ల్యాబులో చెప్పినట్టే చెప్పుకొచ్చాను. వచ్చిన వాళ్ళందరూ దోచుకుని వెళ్ళిపోలేదు. కొందరు అక్కడే ఆగి రేవు పట్టణాలు కట్టారు, ఆ ఊళ్ళ ఆడపిల్లలనే పెళ్ళాడారు. వాళ్ళ మనవలు, మునిమనవలు అక్కడి గుళ్ళలోనే బాప్తిస్మం పొందారు. ఐర్లండు స్త్రీలను చెరపట్టి తీసుకుపోవడమూ ఉంది కాబట్టి ఆ రక్తం అటు ఉత్తరాదిలోనూ ఉంటుంది. ఏ ముక్క ఎటు నుంచి ఎటు దాటిందో ఈ కాగితం చెప్పలేదు. ఇదంతా చెప్పి, ఆమె ముఖం తేటపడకపోయేసరికి, "అయినా ఇది చాలా చిన్న ముక్కే కదా ఆంటీ" అన్నాను.

ఆమె కాగితం మడిచింది. "పెద్ద ముక్కయితే నన్ను పిల్లల దగ్గరకు రానివ్వవా?"

చిన్న ముక్కే అన్న ఆ ఓదార్పు ల్యాబులో నేర్చుకున్నది కాదు, మా కూడికల్లో నేర్చుకున్నది. మాలో తమ విశ్వాసం గురించి సాక్ష్యం చెప్పేవాళ్ళు ముందు తరాలు లెక్కపెడతారు. నాలుగు తరాల విశ్వాస కుటుంబం అనగానే ముందు వరుసల్లో తలలు ఊగుతాయి. నేనూ అలాగే మా తాతమ్మతో మొదలుపెడతాను. ఒంగోలు పక్క పల్లెలో, ఇల్లిల్లూ తిరిగే బైబిలు స్త్రీ చెప్పిన మాట విని ఆమె వాగులో బాప్తిస్మం తీసుకుంది. ఆమె భర్త, మా ముత్తాత ఊసు మాత్రం ఎత్తను. ఆ బైబిలు స్త్రీని రాళ్ళతో కొట్టి ఊరి బయటకు తరిమింది ఆయనే. నుదుటి మీద ఆ రాతి దెబ్బ మచ్చతోనే ఆ బైబిలు స్త్రీ కన్నుమూసిందట. ఈ సంగతి నాకు చెప్పిన మా నాయనమ్మే, "మీటింగుల్లో మాత్రం చెప్పమాకే" అని కూడా చెప్పింది.

గిన్నెల మోతలో ఆంటీకి అదంతా చెప్పాను. అప్పటిదాకా ఇంకెవరికీ చెప్పలేదు. ప్రభువు వంశావళిలో యెరికో ఊరి వేశ్యను, పరజాతి మోయాబు కోడలిని దాచకుండా రాశారు కదా అన్నాను. ఆ పాఠం ఏటా పిల్లలకు చెప్పేది ఆమే. అంతా విని అడిగింది.

"ఆ బైబిలు స్త్రీ పేరేమిటి?"

తెలియదన్నాను.

"రాళ్ళు వేసినాయన పేరు?"

తెలుసు. మా తమ్ముడికి పెట్టింది ఆ పేరే.

మఠంలో చనిపోయిన సన్యాసుల పేర్లు తనకూ ఒక్కటీ తెలియదంది ఆంటీ. ఉత్తరాన్ని చించలేదు, నాకివ్వలేదు, సంచిలోనే ఉంచుకుంది. ఆదివారం వస్తాను, నువ్వు కూడా క్లాసులో కూర్చో అంది.

కూర్చున్నాను. మఠం, మంటలు, కొండ అన్నీ మామూలుగానే చెప్పింది. ఆఖర్లో, ఆ పడవల్లో వచ్చిన ఒకడు కూడా తన తాతేనని చెప్పింది. ఎనిమిదేళ్ళ పాప ఒకతి చెయ్యెత్తి, సింగపూరు ఇంగ్లీషులో అడిగింది.

"సో ఆంటీ, యువర్ తాత వాజ్ ద బ్యాడ్ గై లా?"

"ఒక తాత. ఇంకో తాత పుస్తకం మోశాడు."

"దెన్ గాడ్ యాంగ్రీ ఆర్ నాట్?"

"కోపం వచ్చే ఉంటుంది. అయినా వాడి పిల్లల్ని బతకనిచ్చాడు. అందుకే నేనున్నాను."

కూడిక అయ్యాక టీ దగ్గర ఆ పాప వాళ్ళ నాన్న నన్ను పక్కకు పిలిచారు. మా సహవాసానికి సెక్రటరీ ఆయన. సండే స్కూలు ఉండాలన్నా వద్దన్నా ఆయన మాటే చెల్లుతుంది. "లోపల ఏం చెప్తున్నారు సిస్టర్? డాడీ, మన తాతలు ఏం తప్పు చేశారని అడుగుతోంది మా పాప. నేనేం చెప్పాలి?"

ఆంటీ నాలుగడుగుల దూరంలోనే ఉంది. తెలుగు తెలియకపోయినా ఆయన గొంతు అర్థమైనట్టుంది, కప్పు కింద పెట్టింది.

"మీకు తెలిసిందే చెప్పండి బ్రదర్" అన్నాను.

ఆయన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని పాపను దగ్గరకు లాక్కున్నారు. "మా ముత్తాత ఒకాయన ఉండేవాడంట..." అని మొదలుపెట్టారు. ఆంటీ కూడా కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది. నాన్న చెప్పే ఒక్కో మాటనూ పాప ఆమెకు ఇంగ్లీషులో అందిస్తూ పోయింది.