పైపుల డబ్బుతో హాలుకు రంగు

ఈ సాయంత్రం మా దీవి పంచాయతీ ప్రధాన్ నా హార్డ్‌వేర్ కొట్టుకు పరుగున వచ్చారు. మంచినీళ్ల పైపులకని వచ్చిన నిధులు నెలాఖరులోగా ఖర్చు కాకపోతే వెనక్కి పోతాయి. పైపులు రావాల్సిన షిప్ ఇంకా చెన్నైలోనే ఉంది.

"పైసా వాపస్ పోతే వచ్చే ఏడు మనకి ఇంకా తగ్గించీస్తారు భయ్యా. నీ దగ్గర రంగుంది కదా, కమ్యూనిటీ హాలుకి కొట్టించీద్దాం."

ఆ హాలుకు నిరుడే రంగు వేయించారు. నీళ్ల డ్రమ్ము కొనడానికి వచ్చిన పక్కింటి దీదీ అంతా విని, ఆయన మొహంలోకి సూటిగా చూసింది.

"నీలం రంగు ఏయించండి ప్రధాన్‌జీ. నీళ్లు చూసినట్టయినా ఉంటాది."

ఆయన నా వైపు తిరిగారు. నా దగ్గరున్నదీ నీలమే. కొట్టు పెట్టాక మొదటిసారి బేరం వద్దనిపించింది. పొద్దున్నకల్లా జవాబు చెప్పాలి. ఇవ్వనా, మాననా?