ఈగలకు పెట్టిన చక్కెర

మొన్న ముసురు పట్టిన రోజు మా ఊరి కిరాణా కొట్టుకు వెళ్లి చక్కెర అడిగితే, కొట్టాయన తక్కెడ పట్టుకుని, అక్కడ నిల్చున్న నలుగురికీ వినబడేలా, "ఇంటికా వదినా, ఈగలకా?" అని అడిగాడు. "ఈగలకే, ఇంటికి రేపు తీస్కపోత," అన్నాను నేనూ అంతే గొంతుతో. ఒక్కరూ తల తిప్పి చూడలేదు. పొట్లం కొంగు కింద పెట్టుకుని వానలో నడుస్తుంటే నవ్వొచ్చింది, ఎందుకంటే ఇదే చక్కెరను ఒకప్పుడు నేను రెండు ఊళ్ల అవతల కొని, పైన పాలకూర కప్పి, దొంగసొత్తులా ఇంటికి తెచ్చుకునేదాన్ని.

ముప్పై నిండని దానికి అప్పుడే జ్ఞాపకాలేమిటని నవ్వుతారేమో. కానీ పెళ్లయిన కొత్తలో గడిచే ఒక్క ఏడాది పదేళ్లంత ఉంటుందని మన ఈడు ఆడవాళ్లకు వేరే చెప్పాలా? నేను పుట్టి పెరిగింది చంద్రపూర్ పక్కన పద్మాపూర్ బొగ్గు గనుల దగ్గర. మా నాన్న తెలంగాణ నుంచి బొగ్గు పనికి వచ్చి అక్కడే ఉండిపోయాడు. ఉతికి ఆరేసిన తెల్లబట్ట సాయంత్రానికి బూడిదరంగు తిరిగే చోటు అది. తొమ్మిది దాకా మరాఠీ బడిలో చదివాను, తెలుగు అక్షరాలు మా అమ్మ పాత క్యాలెండర్ కాగితాల వెనక రాసి నేర్పింది, అందుకని రాతలో తప్పులుంటే మన్నించండి. అక్కడి నుంచి జివతి కొండల్లో వ్యవసాయం చేసుకునే తెలుగు ఇంటికి కోడలిగా వచ్చాను. ఇంటి వెనక బర్రెల కొట్టం, కొట్టం వెనక ఇప్ప చెట్లు, కానుగ చెట్లు. మొదటి వారం రోజులు నేను పొద్దున లేచి ముక్కు తుడుచుకుని, మసి లేని రుమాలు చూసుకుని ఆశ్చర్యపోతుంటే, మా ఆయన ఇంకోలా అనుకుని జలుబు మందు తెచ్చిపెట్టాడు.

ఆ చలికాలంలోనే మా ఆడవాళ్ల బచత్ గట్‌కు, అంటే పొదుపు సంఘానికి, తాలూకాలో తేనెటీగల పెంపకం నేర్పిస్తామంటే మా ఊరి నుంచి నేనొక్కదాన్నే వెళ్లాను, నాకు ఈగలతో సహా రెండు పెట్టెలు ఇచ్చారు. మా ఊళ్లో అప్పటిదాకా తేనె అంటే అడవిలో పొగబెట్టి, తుట్టె మొత్తం కోసి, గుడ్డలో వేసి పిండుకొచ్చేదే. మా మామ వయసులో ఉన్నప్పుడు అలాగే తెచ్చేవాడట. అలాంటి ఊళ్లో ఈగలను పెట్టెలో పెట్టి ఇంటి వెనక పెంచుతానంటే ఎవరు నమ్ముతారు? మా అత్తమ్మకు ఒక యారాలుంది, అంటే తోడికోడలు, నాకు చిన్నత్త అవుతుంది, పక్కిల్లే. ఆమె పెట్టెల చుట్టూ ఒకసారి తిరిగి, "ఈగలను కోళ్ల లెక్క గంప కింద కమ్మవెడ్తున్నవా పిల్లా? గుడ్లు గూడ వెడ్తయా ఏంది?" అని ఊరంతా నవ్వించింది. మా అత్తమ్మ మాత్రం మాటలు తక్కువ మనిషి, పెట్టెల కింద చీమలు పట్టకుండా నాలుగు నీళ్ల చిప్పలు తెచ్చి, అవి ఉన్న బల్ల కాళ్ల కింద పెట్టి, "పెంచనియ్యి, చూద్దాం," అంది. ఆ ఒక్క మాటతో నా వైపు ఆమె నిలబడింది, ఇక ఆ మాట నిలబెట్టడం నా వంతయింది.

వేసవిలో కానుగ పూసింది. పెట్టెకు రెండు అంతస్తులుంటాయి: కింది దాంట్లో ఈగలు పిల్లల్ని పెంచుకుని తమ తిండి దాచుకుంటాయి, పైది మన కోసం. ఆ పై అంతస్తు తుట్టెలను గట్ వాళ్ల తిప్పే డబ్బాలో పెట్టి తిప్పితే, తుట్టె విరగకుండా, ఈగ చావకుండా తేనె జారింది. కాచకుండా, ఏమీ కలపకుండా గుడ్డలో వడగట్టి సీసాల్లో పోశాం. అంగడికి నేను, అత్తమ్మ కలిసి వెళ్లాం. ఇంట్లో నాలుగు మాటలకు మించి మాట్లాడని మనిషి, అంగట్లో దారిన పోయే వాళ్లను పిలిచి మరీ "మా కోడలు తీసింది, ఒక్క చుక్క నాకి చూడున్రి," అంటుంటే నేను తల దించుకుని సీసాలు తుడిచిందే తుడిచాను. పింఛను తీసుకుంటున్న ఒక మరాఠీ పంతులుగారు మా మొదటి గిరాకీ. ఊళ్లో పెద్దా చిన్నా ఆయన్ని గురూజీ అనే పిలుస్తారు. ఆయన కొన్నాడంటే ఇంకో పదిమంది కొన్నట్టే.

అసలు కథ వానలు పడ్డాక మొదలైంది. కొండ మీద మూడు నెలలు వాన తప్ప ఇంకేమీ ఉండదు, పూలున్నా తేనె కడిగినట్టు పోతుంది, ఈగలు బయటికి పోలేవు. అప్పుడు పై అంతస్తు తీసేసి, కింది పెట్టెలో ఈగలు బతకడానికి చక్కెర నీళ్లు పెట్టాలని శిక్షణలో మేడమ్ మరీ మరీ చెప్పింది. సరే అని తలూపి వచ్చాను గానీ, పెట్టే రోజు వచ్చేసరికి నాకు సిగ్గు ముంచుకొచ్చింది. అసలైన తేనె అని అమ్మిన నోటితో కొట్టుకెళ్లి ఈగలకు చక్కెర కావాలని ఎలా అడగను? అందుకే దూరం ఊళ్లో కొన్నాను. అత్తమ్మ ఒక్కదానికే చెప్పాను. పొద్దు గూకే వేళ, ఈగలన్నీ లోపలికి చేరాక, కొట్టం చాటున కొబ్బరి చిప్పల్లో చక్కెర నీళ్లు పోసి, ఈగలు మునిగిపోకుండా గడ్డిపరకలు వేసి పెట్టెల్లో పెట్టేదాన్ని.

ఒక సాయంత్రం చిప్పలు నింపుతుంటే వెనక నుంచి చిన్నత్త గొంతు వినిపించింది.

"చాటుకు ఏం చేస్తున్నవే పిల్లా?"

"ఏం లేదు చిన్నత్తా, ఈగలకు నీళ్లు."

ఆమె వంగి, చిప్పలో వేలు ముంచి, నాలుక మీద పెట్టుకుంది.

"నీళ్లు గింత తియ్యగున్నయేందే? మీ పద్మాపూర్ల నల్లా నీళ్లు గిట్లనే ఉంటయా?"

నవ్వేసి అక్కడే నిజం చెప్పి ఉంటే ఈ కథే లేదు. నేను చిప్ప వెనక్కి లాక్కున్నాను. దాచినదాన్ని జనం తప్పు కాక ఇంకేమంటారు? మూడు రోజుల్లో మాట గడపగడపకూ తిరిగింది, నేను చక్కెర తాగించి తేనె తీస్తున్నానని. ఆ వారం అంగడికి, వేసవిలో మిగిలిన సీసాలు పట్టుకుని వెళితే, గురూజీ వచ్చి, సగం వాడిన సీసా నా ముందు పెట్టి, మరాఠీలో మెల్లగా, ఇది నువ్వే ఉంచుకో తల్లీ, అని వెళ్లిపోయాడు. కోప్పడి ఉంటే బాగుండేది. అత్తమ్మ పక్కనే ఉంది. మిగిలిన సీసాలు ఆమే గంపలో సర్దింది. దారి పొడవునా ఆమె గంప నెత్తిన పెట్టుకుని నాకంటే పది అడుగులు ముందే నడిచింది, అది నా మీద కోపమే అనుకున్నాను నేను.

ఆ రోజు నుంచి చక్కెర నీళ్లు మానేశాను. పెట్టకపోతే అనేవాళ్ల నోరు మూతపడుతుంది, అత్తమ్మ మాట నిలబడుతుంది అని నా లెక్క. మానేశానని ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. పదిహేను రోజులు వాన తెరిపి ఇవ్వలేదు. రోజూ ఖాళీ చిప్పలతో కొట్టం వెనక్కి వెళ్లి, కాసేపు నిలబడి, వచ్చేదాన్ని. పదహారో రోజు పొద్దున మొదటి పెట్టె గుమ్మం దగ్గర ఒక్క ఈగా కనబడలేదు. మూత ఎత్తాను. తుట్టెలన్నీ ఎండిపోయి తెల్లగా ఉన్నాయి, అడుగున చచ్చిన ఈగలు నాలుగో అయిదో ఉన్నాయి. మిగిలినవన్నీ పెట్టె వదిలి ఎటో వెళ్లిపోయాయి, ఆ వానలో పాపం ఎటు వెళ్లాయో. రెండో పెట్టెలో గుప్పెడు ఈగలు ఒకదాన్నొకటి పట్టుకుని కదలకుండా ఉన్నాయి. పెట్టె ఎత్తి చూస్తే బరువే లేదు.

బురదలోనే కూలబడి ఏడుస్తుంటే అత్తమ్మ పేడ గంపతో వచ్చి, ఖాళీ పెట్టెను చూసి, గంప దించింది.

"ఎన్ని దినాలాయె పెట్టక?"

"పదిహేను దినాలు."

"ఎందుకు?"

"అందరు అంటున్నరు గద అత్తమ్మా. మీ పేరు పోతదని."

"నా పేరు నిన్నెవరు మొయ్యుమన్నరే? పేరు పోతె మళ్ల తెచ్చుకుంట. గవి ఆకలికి పోయినయ్, మళ్ల తేగలవా?" అని, గొంతు తగ్గించి, "లే. ఇంకొక పెట్టె ఉన్నది గద. శక్కర తేపో, ముంగిట్ల కూసొని కలుపుదాం," అంది.

ఆమె అనడమే కాదు, చేసింది. మా ఊళ్లో వానాకాలం సాయంత్రం పత్తి చేలల్లో కలుపు తీసి ఆడవాళ్లంతా ఒక్క గుంపుగా మా వాకిలి ముందు నుంచే ఇళ్లకు వెళతారు. సరిగ్గా ఆ వేళకు అత్తమ్మ ముంగిట్లో పెద్ద గిన్నె పెట్టుకుని, గంటెతో చప్పుడయ్యేలా చక్కెర కలపసాగింది. నేను పక్కన తల వంచుకుని కూర్చున్నాను. గుంపు ఆగింది. ముందున్నది చిన్నత్తే.

"ఏందక్కా, అత్తా కోడలు కలిసి శర్బత్ దుకాణం పెట్టిన్రా?"

"దా, నువ్వు గూడ ఒక వేలు ముంచు. మొన్న నాకి పోయినవట గద, రుచి మరిగినట్టుంది."

ఆడవాళ్లు గొల్లుమన్నారు. చిన్నత్త తగ్గలేదు. "మరి శక్కర తాగిన ఈగ శక్కరే కక్కుతది గదా?"

"నీ బర్రె వట్టిపోయింది గద, దానికి కుడితి పెడ్తున్నవా లేదా?"

"పెట్టకుంటె సావదా?"

"పెట్టి, పాలు పిండుతున్నవా?"

"వట్టిపోయిన బర్రెను ఎవరు పిండుతరక్కా!"

"మేం గూడ పిండుతలేం. తేనె పట్టే పై పెట్టెలు అటక మీద పడి ఉన్నయ్. నమ్మకుంటె ఎక్కి చూడు."

ఇంకొకరైతే అక్కడితో ఊరుకునేవారు. మా చిన్నత్త చీర చెంగు దోపుకుని, నిజంగానే నిచ్చెన ఎక్కింది. కింద పదిమంది ఆడవాళ్లు నిచ్చెన పట్టుకుని, ఎక్కమని కొందరు, నడుము విరుగుతుందని కొందరు. అటక మీద రెండు పై పెట్టెలూ గోనెపట్టా కప్పుకుని ఉన్నాయి. ఆమె దిగుతూ, నెత్తి మీద సాలెగూడుతో, "ఖాళీ ఉన్నయే! లోపల బల్లి గుడ్లు తప్ప ఏం లెవ్వు!" అని అరిచింది. నా మీద మాట మోసిన మనిషే ఆ మాటను వెనక్కి మోసింది. మర్నాటికల్లా ఎవరింటి ముందు విన్నా బర్రె కుడితి, బల్లి గుడ్లు తప్ప వేరే మాట లేదు.

ఊరు నమ్మింది గానీ ఈగలు బతకాలి కదా. రోజూ చిప్పలు నింపాను. వారం దాకా చక్కెర నీళ్లు సగం అలాగే మిగిలేవి, తాగే ఓపిక కూడా వాటికి లేదేమో అనిపించేది. ఆ తర్వాత ఒక పొద్దున చిప్ప అడుగు పొడిగా కనిపించింది. అదే రోజు వాన కాసేపు తెరిపి ఇస్తే, మక్క చేను వైపు నుంచి ఒక ఈగ రెండు కాళ్లకూ పసుపు ముద్దలు అంటించుకుని వచ్చి గుమ్మం మీద వాలింది. పుప్పొడి తెస్తోందంటే లోపల పిల్లలున్నట్టే. నేను కేక పెడితే అత్తమ్మ పాలగిన్నెతో సహా పరుగెత్తుకొచ్చింది.

వానలు వెనకబట్టి, చిప్పలు తీసేసి, కంది పూత కొండంతా పచ్చగా కమ్మాక గానీ పై పెట్టె దించలేదు. నాలుగే నాలుగు సీసాల తేనె వచ్చింది. అంగట్లో గురూజీని నేనే వెతుక్కుంటూ వెళ్లి, ఆయన అడగకముందే నాకొచ్చిన మరాఠీలో గబగబా అంతా చెప్పేశాను: వానల్లో చక్కెర పెట్టానని, ఎవరో అడిగితే నీళ్లని అబద్ధమాడానని, వేసవి తేనె చక్కెర మొహం చూడకముందుదని, ఇప్పటిది కంది పూలదని. అప్పుడే ఎందుకు చెప్పలేదని అడిగాడు. సిగ్గుపడ్డానన్నాను. ఆయన సీసాను ఎండకు పట్టి చూసి, సంచిలో వేసుకుని, "వానల్ల తేనె లేకున్నా అంగడికి రా పోరీ, ఈగలెట్లున్నయో చెప్పిపో," అన్నాడు, తెలుగులో! ఇన్నాళ్లూ మా అత్తా కోడళ్లం ఆయన ముందే తెలుగులో గుసగుసలాడుకున్నవన్నీ గుర్తొచ్చి నాకు చెమటలు పట్టాయి.

ఇప్పుడు మా ఇంట్లో తొమ్మిది పెట్టెలున్నాయి. చిన్నత్తకూ రెండున్నాయి, మొగుడికి అన్నం మరిచినా ఈగలకు చక్కెర నీళ్లు మరవదు. చంద్రపూర్ నుంచి వానల్లో ఎవరైనా ఫోన్ చేస్తే తేనె లేదు, కంది పూయాలి అంటాను, పూశాక చెప్పమంటారు. వాళ్లకు ఫోన్‌లో పెట్టెల ఫోటోలు పంపుతాను, నమ్ముతారు, మంచిదే. కానీ పత్తిలో గడ్డిమందు కొట్టడం మొదలయ్యాక కలుపు తీసేవాళ్లు లేరు. గట్ల మీద పూసే చిన్న చిన్న పూలూ పోయాయి, అందుకే ఈగలకు అప్పటికంటే ఒక నెల ఎక్కువ చక్కెర పెట్టాల్సి వస్తోంది. సాయంత్రం గిన్నె పట్టుకుని ముంగిట్లో కూర్చుంటే వీధి ఖాళీగా ఉంటుంది. నన్ను అనుమానించేవాళ్లు లేరు, ఆగి ఇదేందే అని అడిగేవాళ్లూ లేరు.

వచ్చే వానలకు మన రెండు చేలల్లో మందు కొట్టించవద్దని, పాత వాళ్లను నలుగురిని పిలిచి చేత్తో కలుపు తీయిద్దామని మా ఆయనతో అన్నాను. ఆయన సరే అన్నాడు. గట్ల మీద ఈగలకు పూలు మిగులుతాయని ఆయనకు చెప్పాను. సాయంత్రాలు మా వాకిలి ముందు నుంచి ఆడవాళ్ల మాటలు వెళుతుంటాయన్నది మాత్రం చెప్పలేదు.