ఆఖరి కడుగు

బుధవారం. తెల్లవారినప్పటి నుంచి ముసురు. పెద్ద ప్లాస్టిక్ క్యాను కడిగి గుమ్మంలో బోర్లించాను.

మా అక్క భర్త, మా బావ, సోమవారం సాయంత్రం పోయాడు. కంపెనీ గేటు దగ్గర కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడు. ఆయన్ని ఎరగని మీకు నాలుగు మాటలు చెప్పాలనిపించింది. నాకు మాట్లాడటం అంతగా రాదు. రోజూ పద్దు రాసుకునే అలవాటు ఉంది కనుక రాస్తున్నాను.

మాది మల్కాపురంలో జియోలైట్ తయారుచేసే చిన్న కంపెనీ. చూడటానికి అది ముగ్గుపిండిలా ఉంటుంది. రిఫైనరీల్లో చిక్కటి నూనెను విరగ్గొట్టి పెట్రోలు తీయడానికి వాడతారు. తయారీలో దానికి పట్టిన సోడియాన్ని మందునీళ్లతో వదిలించి, చివరికి డిస్టిల్డ్ వాటర్‌తో కడగాలి. ఆ తొట్టె దగ్గర బావ మేస్త్రి. నాకు పని నేర్పింది ఆయనే.

"ఈ పిండి నిండా కంటికి ఆనని గదులుంటాయి బావా," అనేవాడు. నన్నూ బావా అనే పిలిచేవాడు. "పనంతా ఆ గదుల్లో పులుపుది, అదే ఆసిడ్‌ది. సోడియమో పొటాషియమో వచ్చి ఆడ కూకుందనుకో, పులుపు సచ్చిపోద్ది. పైకి తెల్లగానే ఉంటాది. పని సెయ్యదు."

చెమట చుక్కలోనూ ఉప్పుంటుందని నుదుటికి ఎప్పుడూ తువ్వాలు బిగించేవాడు. ఆవకాయ తిన్న రోజు మోచేతుల దాకా తోముకునేవాడు.

"ఏటి మేస్త్రీ, పెళ్లిసూపులకెళ్తన్నావా?" అని తొట్టె దగ్గర ఆడవాళ్లు నవ్వేవారు.

"నవ్వండే, నవ్వండి. ఆఖరి కడుగే కడుగు. ముందెన్ని కడిగితే ఏటి?"

ఒక తుఫానుకు కరెంటు పోయింది. డిస్టిల్డ్ వాటర్ అడుగంటింది. బయట లారీ నిలబడి ఉంది, యజమాని తొందరపెడుతున్నాడు. "ఒక్కసారికేటవుద్దిలే," అని బావ ఆఖరి కడుగు బోరు నీళ్లతో కానిచ్చాడు. మా బోర్లలోకి సముద్రపు ఉప్పునీరు ఎప్పుడో వచ్చేసింది. సరుకు తెల్లగా, ముచ్చటగా వెళ్లింది. తిరిగొచ్చింది. రిఫైనరీ వేడికి, ఆవిరికి లోపలి గదులే కూలిపోయాయన్నారు.

యజమాని ఆడవాళ్లను పనిలోంచి తీసేయబోయాడు.

"ఆళ్లనేటీ అనకండి బాబూ. నానే పోశాను," అన్నాడు బావ.

ఆయన్ని కాపలాకని గేటు దగ్గర కుర్చీలో వేశారు. మళ్లీ తొట్టె దగ్గరకు రానివ్వలేదు. అక్కడ కూడా తువ్వాలు కట్టుకునే కూర్చునేవాడు.

"ఏటి సేత్తన్నావ్ బావా?" అంటే, "ఏటుంది? నానూ ఉప్పునైపోనాను. సోటు పట్టుకుని కూకుంటన్నాను. పని నేదు," అని నవ్వేవాడు. నాకు నవ్వు వచ్చేది కాదు.

నిన్న ఆయనకు స్నానం చేయించాల్సి వచ్చింది. కుళాయి రాలేదు. ఎవరో బోరు నీళ్లు తోడి తెచ్చారు. అక్క బిందె మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆ నీళ్లొద్దురా తమ్ముడా."

క్యానెడు డిస్టిల్డ్ వాటర్ అడగడానికి కంపెనీకి వెళ్లాను. తొట్టె దగ్గర ఆడవాళ్లు ఎందుకని అడగలేదు. వాళ్ల క్యానే నింపి, మూత బిగించి ఇచ్చారు.

తువ్వాలు విప్పితే నుదుటి మీద అది ఉన్నంత మేరా చర్మం తెల్లగా ఉంది. ఎండ ఎరగని చర్మం. నీళ్లు ఆ తెలుపు మీదుగా చెవుల వెనక్కి జారిపోయాయి.

క్యాను ఇంకా ఆరలేదు. ముసురు తగ్గాక తొట్టె దగ్గర వాళ్లకు తిరిగి ఇచ్చి రావాలి.